రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య: రనాఫ్ ఎన్నికల గురించి

అందరికీ నమస్కారం. ఇవాళ మన విషయం రనాఫ్ ఎన్నిక. పత్రికల్లో దీన్నే ‘రెండో విడత పోలింగ్’ అంటారు, ‘తుది పోరు’ అని కూడా రాస్తుంటారు. సూత్రం ఒక్క మాటలో చెప్పేయవచ్చు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే వెనకబడిన వాళ్ళను తప్పించి, మిగిలిన వాళ్ళ మధ్య మళ్ళీ ఓటింగ్ పెడతారు. అంతే. అయితే ఆ ‘తప్పించడం’ దగ్గరే అసలు సంగతంతా ఉంది. ఎవరిని తప్పిస్తున్నాం? ఏ లెక్క చూసి తప్పిస్తున్నాం? ఈ సాయంత్రం నేను ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాను.

ముందు ఒక హాల్లోకి వెళ్దాం. 2005 జూలై 6, సింగపూర్. 2012 ఒలింపిక్స్ ఏ నగరానికి ఇవ్వాలో తేల్చడానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యులు కూర్చున్నారు. బరిలో అయిదు నగరాలు. ఏదో ఒక నగరానికి సగానికి మించి ఓట్లు వచ్చేదాకా ఓటింగ్ జరుగుతూనే ఉంటుంది. ప్రతి విడతలోనూ అట్టడుగున ఉన్న నగరం తప్పుకోవాలి. అంకెలు చెబుతాను, రాసుకోండి. మొదటి విడత: లండన్ 22, పారిస్ 21, మాడ్రిడ్ 20, న్యూయార్క్ 19, మాస్కో 15. మాస్కో పోయింది. రెండో విడత: మాడ్రిడ్ 32, లండన్ 27, పారిస్ 25, న్యూయార్క్ 16. న్యూయార్క్ పోయింది. ఇప్పుడు ముందున్నది ఎవరు? మాడ్రిడ్. అయిదు ఓట్ల ఆధిక్యంతో ముందుంది. ఇక మూడో విడత: లండన్ 39, పారిస్ 33, మాడ్రిడ్ 31. మాడ్రిడ్ పోయింది.

32 నుంచి 31. ఇంకోసారి చూడండి. అంతకుముందు విడతలో అందరికన్నా ముందున్న నగరం, ఒకే ఒక్క ఓటు తగ్గి, బరిలోంచే వెళ్ళిపోయింది. న్యూయార్క్‌కు వేసిన వాళ్ళు తమ నగరం పోయాక మిగతా రెండింటి వైపు జరిగారు, మాడ్రిడ్ వైపు కదలలేదు. నాలుగో విడతలో లండన్ 54, పారిస్ 50. ఆటలు లండన్‌కు వెళ్ళాయి. లండన్, మాడ్రిడ్ ముఖాముఖి తలపడే సందర్భమే రాలేదు.

ముందు వరుసలో ఒకరు కూడికలు వేస్తున్నారు. మొత్తం 97, తరవాత 100, తరవాత 103, 104. ఓట్లు ఎలా పెరుగుతున్నాయి? మంచి ప్రశ్న. తమ దేశపు నగరం పోటీలో ఉన్నంతసేపూ ఆ దేశపు సభ్యులు ఓటు వేయకూడదు. నగరం తప్పుకోగానే వాళ్ళకు ఓటు తిరిగి వస్తుంది. అందుకని పెరుగుతుంది. మరి ఓటు తిరిగి వచ్చిన ఆ సభ్యులు ఎటు వేస్తారు? ఆ ప్రశ్నను పక్కన పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

సరే. అసలు ఇన్నిసార్లు ఓటు వేయించడం ఎందుకు? ఎక్కువ వచ్చిన వాళ్ళను గెలిపించి ఇంటికి వెళ్ళవచ్చు కదా?

ఈ బోర్డు చూడండి. వెనక కూర్చున్న వాళ్ళకు కనబడుతోందా? వంద మంది ఓటర్లు. ముగ్గురు అభ్యర్థులు. వాళ్ళ పేర్లు క, చ, ట అనుకుందాం. క కు 40 ఓట్లు, చ కు 35, ట కు 25. ఎక్కువ వచ్చిన వాళ్ళు గెలవాలంటే క గెలిచినట్టే. కానీ అరవై మంది క వద్దన్నారు. ఆ అరవై రెండు ముక్కలైంది కాబట్టి నలభై పెద్దదిగా కనబడుతోంది. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: ఓట్ల చీలిక. రనాఫ్ పుట్టిందే ఈ చీలికకు విరుగుడుగా.

విరుగుడు ఎలా పనిచేస్తుందో చూడండి. ట తప్పుకున్నారు. ఆ 25 మంది మళ్ళీ వచ్చి ఓటు వేశారు. 18 మంది చ వైపు వెళ్ళారు, 7గురు క వైపు వెళ్ళారు. చ కు 53, క కు 47. గెలుపు చ ది. ఈ బోర్డును చెరపకండి. దీని దగ్గరికి మళ్ళీ రావాలి.

బోర్డు మీది లెక్క నిజంగా జరిగిన చోట్లు బోలెడు. 1918లో ఆస్ట్రేలియాలో స్వాన్ అనే నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చింది. లేబర్ పార్టీకి ఎదురు నిలిచిన పక్షాల ఓట్లు చీలిపోయి, 34 శాతం చిల్లర ఓట్లతో లేబర్ అభ్యర్థి గెలిచారు. ఆ దెబ్బకు అక్కడి ప్రభుత్వం అదే ఏడాది ఎన్నికల చట్టాన్ని మార్చింది. నేటికీ ఆస్ట్రేలియా ప్రతినిధుల సభకు ప్రాధాన్య ఓట్లతోనే, అంటే పేర్ల ఎదురుగా ఇష్టాల వరసలో 1, 2, 3 అని అంకెలు వేసే ఓట్లతోనే, ఎన్నిక జరుగుతోంది. ఆ పద్ధతి గురించి చివర్లో చెబుతాను.

ఇప్పుడు ఫ్రాన్స్‌కు వెళ్దాం. ఈ పద్ధతికి ఫ్రాన్స్ పెద్ద ప్రయోగశాల. ఇప్పటి పద్ధతిలో అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవడం 1965లో మొదలైంది. అప్పటి నుంచి 2022 వరకు 11 ఎన్నికలు జరిగాయి. మొదటి విడతలోనే సగం దాటినవారు ఎందరో చెప్పగలరా? ఒక్కరూ లేరు. 1965లో దేశమంతా పేరున్న డిగాల్ కూడా 44 శాతం చిల్లర దగ్గరే ఆగి, రెండో విడతకు రావలసి వచ్చింది.

అక్కడి పోలింగ్ కేంద్రంలో బల్ల మీద ఒక్కో అభ్యర్థి పేరుతో విడివిడిగా కాగితాల దొంతరలు ఉంటాయి. ఓటరు ఒక కవరు తీసుకుంటారు, కాగితాలు కనీసం రెండు తీసుకుంటారు. ఒక్కటే తీసుకుంటే ఎవరికి వేస్తున్నదీ అందరికీ తెలిసిపోతుంది కదా! తెర చాటుకు వెళ్ళి ఒక కాగితాన్ని కవరులో పెట్టి, అద్దంలా పారదర్శకంగా ఉండే పెట్టెలో వేస్తారు. పక్కనున్న అధికారి ‘ఓటు వేశారు’ అని పైకి చెబుతారు. రెండు వారాల తరవాత ఆదివారం నాడు అదే బల్ల, అదే పెట్టె. దొంతరలు మాత్రం రెండే. మొదటి ఆదివారం ‘మీకు ఎవరు కావాలి’ అని అడిగిన బల్ల, రెండో ఆదివారం ‘ఈ ఇద్దరిలో ఎవరైతే సరే’ అని అడుగుతుంది. నాకు ఈ రెండు ప్రశ్నల తేడా చాలా ఇష్టం. మనసుకు నచ్చినవారికి వేయడానికి ఒక రోజు, మిగతావారితో రాజీ పడటానికి ఒక రోజు. ఆ రెంటికీ మధ్య ఆలోచించుకోవడానికి రెండు వారాల గడువు.

ఆ గడువులో లెక్కలు తారుమారవుతాయి. 1974లో మొదటి విడత అయ్యేసరికి మిట్టరాండ్‌కు 43 శాతం పైన, జిస్కార్ దెస్తాన్‌కు 32 శాతం పైన వచ్చాయి. పది శాతానికి పైగా తేడా. రెండో విడతలో జిస్కార్ 50.8 శాతంతో గెలిచారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2020 నవంబరులో సెనేట్ అభ్యర్థి డేవిడ్ పెర్డ్యూకు 49.7 శాతం వచ్చాయి. ఇంకో 0.3 శాతం వచ్చి ఉంటే ఆ రోజే గెలిచేవారు. 2021 జనవరి 5న జరిగిన రెండో విడతలో వెనకనున్న జాన్ ఆసాఫ్ గెలిచారు.

సగం గీత అన్ని దేశాల్లోనూ సగం దగ్గరే ఉండదు. కోస్టారికాలో 40 శాతం వస్తే చాలు. అర్జెంటీనాలో 45 శాతం కావాలి, లేదా 40 శాతం వచ్చి రెండోవారికన్నా పది శాతం ముందుండాలి. ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికల్లోనైతే రెండో విడతకు ఇద్దరే రావాలన్న నియమం లేదు. నమోదైన ఓటర్లలో 12.5 శాతం మంది ఓటు పొందిన ప్రతివారూ నిలబడవచ్చు. ముగ్గురు మిగిలితే మళ్ళీ చీలిక భయం. 2024 జూలైలో ఆ భయంతోనే రెండు వందలకు పైగా అభ్యర్థులు రెండు విడతల మధ్య తమంతట తాము తప్పుకున్నారు. మొదటి విడతలో ముందున్న పార్టీ చివరికి సీట్లలో మూడో స్థానంలో మిగిలింది.

ఇక్కడొక చేదు సంగతి కూడా చెప్పాలి. జార్జియా రాష్ట్రం రనాఫ్ చట్టాన్ని 1964లో తెచ్చింది. నల్లజాతి ఓటర్లు ఒక్కమాట మీద ఒకరికి ఓటు వేసి, తెల్లవారి ఓట్లు చీలితే, ఆ ఒకరు గెలుస్తారేమో అన్న భయం దాని వెనక ఉంది. ‘అధిక సంఖ్యాకుల అంగీకారం’ అన్న మంచి మాటను కొందరిని బయటే నిలిపేందుకు కూడా వాడారు. నియమాన్ని చదివేటప్పుడు దాన్ని ఎవరు, ఎవరికి భయపడి రాశారో కూడా అడగాలి.

ఇప్పుడు అసలు చోటుకు వచ్చాను. రెండో విడత గురించి అందరూ మాట్లాడతారు. టీవీ చర్చలు, ముఖాముఖి, ఉత్కంఠ. కానీ రెండో విడతలో ప్రమాదం తక్కువ. ఇద్దరే ఉన్నప్పుడు ఓటు చీలదు, లెక్క తప్పదు. ప్రమాదమంతా మొదటి విడతలో ఉంది. అక్కడ కూడా మొదటి స్థానం దగ్గర లేదు. రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య గీసే ఆ సన్నని గీత దగ్గర ఉంది.

2002 ఏప్రిల్ 21, ఫ్రాన్స్. బరిలో 16 మంది. అధ్యక్షుడు జాక్ షిరాక్, ప్రధాని లియోనెల్ జోస్పాన్, ఈ ఇద్దరే రెండో విడతకు వెళ్తారని దేశమంతా అనుకుంది. ఎంతగా అనుకుందంటే, మొదటి విడతను చాలామంది అసలు ఎన్నికగా చూడలేదు. వామపక్షంలోనే ఒకరికి తోబిరా నచ్చారు, ఇంకొకరికి షెవెన్‌మాన్ నచ్చారు, మరొకరికి హరిత పార్టీ నచ్చింది. ఇప్పుడు మనసుకు నచ్చినవారికి వేద్దాం, రెండో విడతలో ఎలాగూ జోస్పాన్‌కు వేస్తాం కదా అనుకున్నారు. ఓటర్లలో 28 శాతానికి పైగా అసలు రాలేదు.

ఆ రాత్రి అంకెలు: షిరాక్ 19.88 శాతం. జాఁ మారీ లె పెన్ 16.86. జోస్పాన్ 16.18. తీవ్ర కుడిపక్ష నాయకుడు లె పెన్ రెండో స్థానంలో, దేశ ప్రధాని మూడో స్థానంలో. ఇద్దరికీ తేడా రెండు లక్షల ఓట్లు కూడా లేదు. తోబిరా ఒక్కరికే ఆరున్నర లక్షలు దాటాయి. షెవెన్‌మాన్‌కు 15 లక్షలు. ఆ రాత్రే జోస్పాన్ రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించారు.

మే 5న రెండో విడత. షిరాక్‌కు 82 శాతం. మొదటి విడతలో 56 లక్షల పైచిలుకు ఓట్లు వచ్చిన మనిషికి రెండో విడతలో రెండున్నర కోట్లు దాటాయి. ఆ ఓట్లన్నీ ఆయన మీద ప్రేమతో పడ్డాయా? జోస్పాన్‌కు వేయాలని పక్కన దాచుకున్న ఓటును, మే నెలలో షిరాక్ పేరున్న కాగితంగా కవరులో పెట్టి ఇచ్చారు లక్షలమంది. లె పెన్ ఓట్లు 48 లక్షల నుంచి 55 లక్షలకు పెరిగాయి, అంతే. రనాఫ్ తన పని తాను చేసింది. దేశంలో ఎక్కువమంది వద్దనుకున్నవారిని గెలవనివ్వలేదు. కానీ ఎక్కువమంది కావాలనుకున్న పోటీని కూడా జరగనివ్వలేదు. ఈ రెండూ ఒకే ఎన్నికలో, పదిహేను రోజుల తేడాతో జరిగాయి.

బరిలో జనం ఎక్కువైతే ఆ గీత ఇంకా కిందికి జారుతుంది. 2021లో పెరూ చూడండి. మొదటి విడతలో పెడ్రో కాస్టిల్లోకు 18.9 శాతం, కైకో ఫుజిమోరికి 13.4. రెండూ కలిపితే మూడో వంతు కూడా లేదు. అంటే ముగ్గురు ఓటర్లలో ఇద్దరికి తాము మొదట కోరుకున్నవారు రెండో విడత కాగితం మీదే లేరు. చివరికి కాస్టిల్లో దాదాపు 44 వేల ఓట్ల తేడాతో గెలిచారు. ఫలితపత్రం మీద 50 శాతం దాటింది, నిజమే. కానీ అది మొదటి విడతలో ఓటర్లు మనసులో మాటగా చెప్పిన 50 శాతం కాదు. ఇద్దరినే మిగిల్చి ‘ఎవరైతే సరే’ అని అడిగినప్పుడు వచ్చిన 50 శాతం.

ఇప్పుడు బోర్డు దగ్గరికి మళ్ళీ రండి. క 40, చ 35, ట 25. రనాఫ్‌లో చ గెలిచారని చెప్పాను. అందరూ సరేనన్నారు. నేను ఒక సంగతి దాచాను. ట మధ్యేవాది. క మనుషులకు చ అంటే గిట్టదు, ట అయితే ఫరవాలేదు. చ మనుషులకు క అంటే గిట్టదు, ట అయితే ఫరవాలేదు. ఇప్పుడు లెక్క వేయండి. ట, క ముఖాముఖి నిలబడితే? ట కు సొంతవి 25, చ వైపు నుంచి 35. అరవై. గెలిచారు. ట, చ నిలబడితే? 25కు క వైపు 40 కలపండి. అరవై అయిదు. మళ్ళీ గెలిచారు. అంటే ఇద్దరినీ విడివిడిగా ఓడించగల మనిషిని మనం మొదటే పంపించేశాం! ఎందుకు పంపాం? ఆ మనిషి చాలామందికి రెండో ఇష్టం, కొద్దిమందికే మొదటి ఇష్టం. రనాఫ్ మొదటి విడతలో రెండో ఇష్టాన్ని అడగదు.

ఈ చిక్కును ఫ్రాన్స్ దేశస్థుడే కొండోర్సే 18వ శతాబ్దంలో పట్టుకున్నాడు. ప్రతి ఒక్కరినీ ముఖాముఖి పోరులో ఓడించగలవారు ఉంటే గెలుపు వారిదే కావాలన్నాడు. ఇది బోర్డు మీది ఊహ మాత్రమే అనుకోకండి. 2009లో అమెరికాలో బర్లింగ్టన్ నగర మేయర్ ఎన్నిక ప్రాధాన్య ఓట్లతో జరిగింది. ఓటు కాగితాల మీద అన్ని అంకెలూ ఉన్నాయి కాబట్టి తరవాత అందరూ లెక్కలు వేసి చూశారు. మూడో స్థానంలో తప్పుకున్న ఆండీ మాంట్రోల్, గెలిచిన బాబ్ కిస్‌నూ, రెండో స్థానంలో నిలిచిన కర్ట్ రైట్‌నూ ముఖాముఖిలో ఓడించగలవారని తేలింది. మరుసటి ఏడాది ఆ నగరం ఆ పద్ధతినే రద్దు చేసుకుంది.

ఇప్పుడు సింగపూర్‌లో పక్కన పెట్టుకున్న ప్రశ్న. తమవారు పోయిన ఓటరు రెండో విడతలో ఎటు వెళ్తారు? అందరూ ఎటో ఒకవైపు వెళ్తారని మనం అనుకుంటాం. వెళ్ళరు. 1969లో ఫ్రాన్స్ రెండో విడతలో పాంపిడూ, పోయెర్ మిగిలారు. మొదటి విడతలో 21 శాతం తెచ్చుకున్న కమ్యూనిస్టులు, ‘ఈ ఇద్దరూ ఒకటే’ అంటూ ఓటు వేయవద్దని పిలుపునిచ్చారు. ఓటు వేయనివారు 22 శాతం నుంచి 31 శాతానికి పెరిగారు. 2017లో ఇంకా స్పష్టంగా కనబడింది. పోలింగ్ కేంద్రానికి వచ్చి, వరసలో నిలబడి, కవరులో ఖాళీ కాగితం పెట్టి లేదా చెల్లని ఓటు వేసి వెళ్ళినవాళ్ళు 40 లక్షలు దాటారు. వాళ్ళను బద్ధకస్తులు అనగలమా? ఓటు వేయడానికి వచ్చారు, తమవారు లేరు. ఆ మాట చెప్పడానికి వచ్చారు.

ఒక్కోసారి రెండో విడతే జరగదు. 2003లో అర్జెంటీనాలో కార్లోస్ మెనెమ్ 24 శాతంతో ముందున్నారు, నెస్టర్ కిర్చ్‌నర్ 22 శాతంతో రెండో స్థానంలో ఉన్నారు. ఓటమి తప్పదని తెలిసి మెనెమ్ పోటీ నుంచి తప్పుకున్నారు. కిర్చ్‌నర్ 22 శాతంతోనే అధ్యక్షుడయ్యారు. రెండో విడత జరిగి ఉంటే దక్కే అధిక సంఖ్యాకుల ముద్ర ఆయనకు దక్కలేదు.

ఇక చివరి భాగం. రెండుసార్లు రప్పించే బదులు ఒకేసారి, ఒకే కాగితం మీద అంతా రాయించుకుంటే? అదే ప్రాధాన్య ఓటు. పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నవారిని తప్పించి, వారి కాగితాలు తీసి, రెండో అంకె ఎవరికి ఉందో చూసి వారికి కలుపుతారు. రాష్ట్రపతి ఎన్నిక జరిగేది ఇలాగే. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి పోటీపడినప్పుడు మొదటి ప్రాధాన్య లెక్క ముగిసేసరికి గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓటు విలువ వచ్చింది. గెలవడానికి కావలసిన కోటా 4,18,169. అందరికన్నా ముందున్న గిరి కూడా దానికి దగ్గరలోనే ఆగిపోయారు. కింది వాళ్ళను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ, దేశ్‌ముఖ్‌ను కూడా తప్పించి రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి 4,20,077 దగ్గర, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర తేలారు. దేశ్‌ముఖ్‌కు మొదటి ఓటు వేసినవాళ్ళలో ఎక్కువమంది ఎటు వాలారో చూశారా? 88 వేల తేడా 15 వేలకు లోపే పడిపోయింది. గిరి కోటాను దాటింది రెండు వేలకు లోపు విలువతో.

నన్ను ఎవరైనా ఏది మేలని అడిగితే, దేశాధినేత పదవికి రెండు ఆదివారాల పద్ధతే నాకు ఇష్టం. తుది పోటీ ఎవరి మధ్యనో తెలిశాక ఓటు వేయడం వేరు, ఊహించి అంకెలు రాయడం వేరు. ఖర్చు రెట్టింపు అంటారు. ఆ రెండు వారాల ఆలోచనకు ఆ ఖర్చు పెట్టవచ్చునని నా నమ్మకం. కానీ రెండోసారి పోలింగ్ పెట్టుకోలేని చోట అంకెల పద్ధతి గొప్ప సాధనం. ఒక్కటే షరతు, అంకెలు వేయాలి.

శ్రీలంకలో అధ్యక్ష ఎన్నికకు ఈ పద్ధతి 1982 నుంచీ ఉంది. కాగితం మీద మూడు ప్రాధాన్యాల దాకా ఇవ్వవచ్చు. నలభై ఏళ్ళకు పైగా రెండో లెక్క అవసరమే రాలేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు సగం దాటేవారు. 2024 సెప్టెంబరులో మొదటిసారి దాటలేదు. అనుర కుమార దిసనాయకెకు 42 శాతం పైన, సాజిత్ ప్రేమదాసకు 32 శాతం పైన వచ్చాయి. మిగతావారందరినీ ఒకేసారి తప్పించి, వాళ్ళ కాగితాలు తెరిచారు. అలాంటి కాగితాలు దాదాపు 33 లక్షలు. వాటిలో ఈ ఇద్దరిలో ఒకరికి తరవాతి అంకె వేసినవి ఎన్నో తెలుసా? దిసనాయకెకు 1,05,264, ప్రేమదాసకు 1,67,867. రెండూ కలిపినా మూడు లక్షలు లేవు. మిగిలిన 30 లక్షల కాగితాలను లెక్కింపు బల్లల మీద ఇటూ అటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు.